బండి దొరికింది, నంబరేదీ?

పాత కారు బాగు చేయించడమంటే మనకు టింకరింగు, పెయింటింగు, ఇంజను పని గుర్తొస్తాయి. ఎన్ని నెలలు పట్టినా ఇవన్నీ చేతికి లొంగే పనులే. తుప్పు తినేసిన రేకును కోసి కొత్తది అతికిస్తారు. దొరకని బుష్షును లేతు మీద తిప్పించుకుంటారు. ఎంత నేర్పరి మేస్త్రీ అయినా షెడ్డులో తయారు చేయలేని భాగం మాత్రం ఒకటుంది. మొట్టమొదటిసారి రోడ్డెక్కినప్పుడు ప్రభుత్వం ఆ బండికి ఇచ్చిన నంబరు అది. ఏళ్ల తరబడి గడ్డివాము పక్కనో, పాడుబడిన గ్యారేజీలోనో పడి ఉన్న బండి మళ్లీ నడిచే స్థితికి వచ్చేసరికి, ఆ నంబరు ప్రభుత్వ లెక్కల్లో ఉండకపోవచ్చు. అప్పుడు అధికారి ముందుండే దారులు మూడు. ఏదో ఒక కొత్త నంబరు ఇచ్చి పంపించేయడం, పాతది అడిగితే కుదరదనడం, సాక్ష్యాలు చూసి పాతదే తిరిగి ఇవ్వడం. మూడోదే సరైన దారి అని నేను అనుకుంటున్నాను. కాకపోతే దానికో షరతు ఉండాలి: తిరిగి ఇచ్చిన నంబరు ఆ బండిని వదిలి మరో బండి మీదికి పోకూడదు. ఈ పద్ధతిని దశాబ్దాలుగా నడుపుతున్న దేశం బ్రిటన్. అక్కడ ఏం జరిగిందో చూస్తే మన దగ్గర ఏం లోపించిందో తెలుస్తుంది.

బ్రిటన్‌లో 1903 నాటి మోటారు కార్ల చట్టం 1904 జనవరి 1 నుంచి అమలైంది. అప్పటి నుంచి ప్రతి కారుకూ నంబరు తప్పనిసరి. ఆ నంబర్లు ఇచ్చింది కేంద్ర ప్రభుత్వం కాదు. కౌంటీ కౌన్సిళ్లు, బరో కౌన్సిళ్లు, అంటే మన జిల్లా బోర్డులూ మున్సిపాలిటీల వంటివి, తమకు కేటాయించిన అక్షరాలతో ఎవరికి వారే ఇచ్చుకున్నాయి. లావుపాటి లెడ్జర్లలో గుమాస్తాలు చేత్తో రాసుకున్నారు. 1921 నుంచి బండికో లాగ్‌బుక్కు వచ్చింది. బండి చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని పేరు అందులో ఎక్కేది. చూడటం తెలిసినవాళ్లకు ఆ నంబరే సగం చరిత్ర చెబుతుంది. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’ సినిమాలో జేమ్స్ బాండ్ నడిపిన ఆస్టన్ మార్టిన్ మీది ‘బీఎంటీ 216 ఏ’నే తీసుకోండి. ఎంటీ మిడిల్‌సెక్స్ కౌంటీ గుర్తు. చివరనున్న ఏ 1963 సంవత్సరానిది. ఏ ఊళ్లో, ఏ ఏడాది రోడ్డెక్కిందో బంపరు మీదే రాసి ఉందన్నమాట.

చిక్కు కంప్యూటర్లతో మొదలైంది. 1974 అక్టోబరు నుంచి కౌన్సిళ్ల పనంతా వేల్స్‌లోని స్వాన్‌సీ నగరంలో పెట్టిన కేంద్ర కార్యాలయానికి మారింది. ఇప్పుడు డీవీఎల్‌ఏ అనేది దాని వారసురాలే. పన్ను కడుతూ రోడ్డు మీద తిరుగుతున్న బండ్ల వివరాలు ఆ తర్వాతి కొన్నేళ్లలో వరసగా కంప్యూటర్లోకి ఎక్కాయి. నడవని బండ్లకు పన్ను కట్టేవాళ్లెవరు? అవి ఎక్కలేదు. చివరికి 1983 నవంబరు 30ని గడువుగా పెట్టారు. ఆలోపు నమోదు చేయించుకోని పాత నంబర్లు లెక్కలోంచి పోయినట్టే. కొట్టాల్లో, గ్యారేజీల్లో కదలకుండా పడి ఉన్న వేల బండ్లు ఆ రోజుతో కాగితాల మీద లేకుండా పోయాయి. వీటి యజమానుల్లో చాలామంది తప్పేమీ చేయలేదు. బండి పాడైంది, బాగు చేయించే స్తోమత లేక పక్కన పెట్టారు, అంతే. వితంతువుల ఇళ్లలో, వారసుల మధ్య తగువులో చిక్కిన ఆస్తుల్లో ఉండిపోయిన బండ్లకు గడువు సంగతి చెప్పే దిక్కు కూడా ఉండి ఉండదు. అదే కాలంలో, ఇక పనిలేదనుకున్న పాత లెడ్జర్లను కొన్ని కౌన్సిళ్లు పురాతన పత్రాల భాండాగారాలకు అప్పగించాయి. కొన్ని చెత్తకింద పారేశాయి. బతికి బయటపడ్డ వాటిలో కొన్ని ఇప్పుడు డ్రాయిట్‌విచ్ అనే చిన్న ఊళ్లో కిట్‌హెడ్ ట్రస్టు అనే సంస్థ దగ్గర భద్రంగా ఉన్నాయి. మీ బండి తొలి నంబరు మీకు తిరిగి వస్తుందా రాదా అన్నది, యాభై ఏళ్ల కింద ఒక ఆఫీసులో గదులు ఖాళీ చేసిన గుమాస్తా మనసు మీద ఆధారపడి ఉంటుందంటే ఎబ్బెట్టుగానే ఉంటుంది, కానీ నిజం.

నోరుమూసుకున్న నంబర్లను తిరిగి పలికించడానికి డీవీఎల్‌ఏ పెట్టిన దరఖాస్తు పేరు వీ765. దాని తర్కం భూమి కొన్న ప్రతి తెలుగువాడికీ అర్థమయ్యేదే. పొలం కొనేటప్పుడు లాయరు అడిగేది లింకు డాక్యుమెంట్లు. ఇవాళ అమ్ముతున్న మనిషి నుంచి వెనక్కి నడిచి, మొదటి పట్టాదారు దాకా తెగకుండా చేరగలమా అని చూస్తాడు. ఇక్కడ సర్వే నంబరు స్థానంలో ఛాసిస్ నంబరు ఉంటుంది. పాత నంబరు, ఛాసిస్ నంబరు రెండూ ఒకే కాగితం మీద కనిపించాలి. పాత లాగ్‌బుక్కు ఉంటే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. లేకపోతే కౌన్సిల్ లెడ్జరు నకలు. అదీ లేకపోతే పాత ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు, బీమా కాగితం, కంపెనీ అమ్మకాల రికార్డు. అనేక బ్రిటిష్ కార్ల తయారీ రికార్డులు గేడన్‌లోని బ్రిటిష్ మోటారు మ్యూజియంలో ఉన్నాయి. ఏ ఛాసిస్ ఏ రంగులో, ఏ డీలరుకు వెళ్లిందో అక్కడ దొరుకుతుంది. వీటిని దరఖాస్తుదారు నేరుగా స్వాన్‌సీకి పంపితే సరిపోదు. డీవీఎల్‌ఏ గుర్తించిన పాతకార్ల క్లబ్బు ఒకటి వాటిని పరిశీలించి, బండిని చూసి, సంతకం పెట్టాలి. ఆఖరి నిర్ణయం డీవీఎల్‌ఏది. తీర్పు అనుకూలమైతే నంబరు వస్తుంది. అయితే దాన్ని వేరే బండికి బదిలీ చేసే హక్కు ఉండదు. అదే నంబరు ఈలోపు ఇంకో బండి మీదికి చట్టప్రకారం వెళ్లిపోయి ఉంటే ఇక ఆశ లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. 1921కి ముందు నాటి లెడ్జర్లలో చాలా చోట్ల యజమాని పేరు, ఊరు, కారు తయారీ, రంగు వంటివే ఉంటాయి. ఛాసిస్ నంబరు రాయాలన్న పట్టుదల అప్పట్లో లేదు. అంటే అన్నిటికంటే పాతవైన, అన్నిటికంటే విలువైన బండ్లకే లంకె దొరకడం కష్టం. అలాంటప్పుడు పాత ఫొటోలు, ఉత్తరాలు, బండి మీదే మిగిలిన గుర్తులు కలిపి చూడాల్సి వస్తుంది. ఫొటోలో నంబరు ప్లేటు కనిపిస్తుంది, ఛాసిస్ నంబరు కనిపించదు. బండి లోపల ఛాసిస్ నంబరు కనిపిస్తుంది, నంబరు ప్లేటు ఉండదు. ఈ రెండు తీరాలనూ కలిపే వంతెన ఒక్క కాగితమైనా దొరకాలి. దొరకకపోతే క్లబ్బులు నిర్మొహమాటంగా కాదంటాయి. అప్పుడు బండి వయసు మాత్రం రుజువైతే ఆ కాలానికి తగిన, ఇంతవరకూ ఎవరికీ ఇవ్వని నంబరు ఒకటి ఇస్తారు. వయసూ తేలకపోతే ‘క్యూ’ అక్షరంతో మొదలయ్యే నంబరు వస్తుంది. పాతకార్ల లోకంలో క్యూ నంబరంటే తల్లీదండ్రీ ఎవరో తెలియదని చెప్పే ముద్ర.

ఇంత తతంగం దేనికి, రేకు మీద నాలుగు అంకెల కోసమా, అని అడిగేవాళ్లున్నారు. బండి నడుస్తోంది, కొత్త నంబరు ఇస్తున్నారు, పోలీసు పట్టుకున్నా ఇబ్బంది లేదు, ఇంకేం కావాలి? ఈ ప్రశ్న వేసేవాళ్లు నంబరును అలంకారం అనుకుంటున్నారు. నిజానికి అది తాళంచెవి. పత్రికలో అచ్చయిన ఫొటో, పోలీసు రికార్డు, రేసు ఫలితాల పట్టిక, పెళ్లి ఆల్బం, పన్ను రసీదు, ఇవన్నీ ఒక బండి గురించి మాట్లాడేది నంబరుతోనే. ఛాసిస్ నంబరుతో బండిని పిలిచేది ఫ్యాక్టరీ ఒక్కటే. పాత నంబరు తీసేస్తే ఆ కాగితాలన్నీ ఎక్కడో ఉంటాయి, బండి ఇక్కడ ఉంటుంది, రెండిటికీ సంబంధం ఉందని రేపటి పరిశోధకుడికి తట్టే మార్గం ఉండదు. శాసనం ఉన్న రాయిని గుడి నుంచి పీకి మ్యూజియంలో పెడితే ఏ ఊరి గుడిదో కనీసం కార్డు మీద రాస్తారు. ఇక్కడ ఆ కార్డు కూడా మిగలదు.

రెండో అభ్యంతరం దీనికంటే బరువైంది. నంబర్లు డబ్బు. బ్రిటన్‌లో ప్రభుత్వమే 1989 నుంచి ఆకర్షణీయమైన నంబర్లు అమ్ముతోంది. 2014లో ‘25 ఓ’ అనే నంబరు రుసుములూ పన్నులూ కలిపి 5 లక్షల పౌండ్లు దాటింది. ఫెరారీ 250 కారు మీద పెట్టుకోవడానికి కొన్నారు. హైదరాబాదులో 9999 కోసం లక్షలు పోసేవాళ్లను చూసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. 1963కి ముందు నాటి పాత నంబర్లలో సంవత్సరాన్ని చెప్పే అక్షరం ఉండదు కాబట్టి కొత్త కారుకు పెట్టుకుంటే వయసు తెలియకుండా పోతుంది. అందుకే వాటికి గిరాకీ ఎక్కువ. అలాంటప్పుడు తుప్పు ముద్దనొకదాన్ని చూపించి, దొంగ లాగ్‌బుక్కుతో మంచి నంబరు రాబట్టి, దాన్ని అమ్ముకుని ముద్దను మళ్లీ తుక్కులో పారేసేవాళ్లు తయారవరా? తప్పకుండా అవుతారు. బదిలీ కుదరదన్న షరతు పుట్టింది ఇందుకే, అందుకే అది నాకు ఈ పద్ధతిలో అన్నిటికంటే తెలివైన అంశంగా కనిపిస్తుంది. నంబరును విడిగా అమ్ముకోలేనప్పుడు దాని కోసం దొంగ కాగితం పుట్టించే లాభం చాలా వరకు పోతుంది. పూర్తిగా పోదు. తొలి నంబరుతో ఉన్న పాత కారు, అది లేని కారు కంటే ఎక్కువ ధర పలుకుతుంది కాబట్టి కొంత ఆశ మిగిలే ఉంటుంది. దాన్ని ఆపాల్సింది క్లబ్బు పరిశీలకుడి కళ్లే. ఒకే రకం బండ్లను ముప్పై ఏళ్లుగా విప్పి బిగించినవాడికి, ఛాసిస్ మీద అంకె ఫ్యాక్టరీ పోటుతో పడిందా, నిన్న సుత్తి దెబ్బతో పడిందా అన్నది చేత్తో తడిమితే తెలుస్తుంది. ఏ ప్రభుత్వ ఆఫీసులోనైనా ఇంత నైపుణ్యం ఆశించలేం. ఆ పని బయటివాళ్లకు అప్పగించి, అధికారం మాత్రం తన దగ్గరే ఉంచుకోవడం డీవీఎల్‌ఏ చేసిన మంచి పని.

సగం భాగాలు మార్చేశాక అది అసలు ఆ బండేనా అన్నది మూడో ప్రశ్న. దీనికి జవాబు మన ఊళ్లలోనే ఉంది. ఆలయ జీర్ణోద్ధరణలో పగిలిన రాళ్లు తీసి కొత్తవి పెడతారు, శిఖరం మళ్లీ కడతారు. ఎవరూ దాన్ని కొత్త గుడి అనరు, కొత్త పేరు పెట్టరు. బ్రిటన్ కోర్టు ఒకటి 1990లో దాదాపు ఇదే తర్కంతో తీర్పు చెప్పింది. 1929లోనూ 1930లోనూ లే మాన్స్ రేసు గెలిచిన ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ కారును కోటి పౌండ్లకు బేరం చేసుకున్నవాళ్లు, అది అసలైన కారు కాదంటూ వెనక్కి తగ్గారు. ఆ రేసులనాటి భాగాలు అందులో మిగిలింది కొద్దే అన్నది నిజం. అయినా ఆ కారు ఎప్పుడూ ముక్కలై వేరే కారుగా పుట్టలేదని, మార్పులు పొందుతూనే తన గుర్తింపును తెగకుండా మోసుకొచ్చిందని జస్టిస్ ఆటన్ తేల్చారు. అమ్మినాయన గెలిచాడు. ఇదంతా న్యాయమూర్తి విచక్షణ. రోజూ దరఖాస్తులు చూసే గుమాస్తాకు ఇంత సూక్ష్మం పనికిరాదు కాబట్టి డీవీఎల్‌ఏ చాలా ఏళ్లు పాయింట్ల లెక్క వాడింది. ఛాసిస్‌కు 5, సస్పెన్షన్‌కు 2, యాక్సిళ్లకు 2, గేరుబాక్సు తదితరాలకు 2, స్టీరింగుకు 2, ఇంజనుకు 1. ఎనిమిదైతే పాత నంబరు నిలిచేది. ఇంజనుకు ఒక్క పాయింటే అన్నది గమనించాలి. ఇంజను మార్చడం మామూలు మరమ్మతు. బండికి వెన్నెముక ఛాసిస్.

ఇక మన సంగతి. మన దగ్గర పాత బండ్లకు ప్రత్యేక నిబంధనలు వచ్చింది 2021 జులైలో, కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణతో. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకు చెల్లుతుంది, తర్వాత పునరుద్ధరణకు 5,000. ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు, పెట్రోలు పోయించుకోవడానికి తప్ప రోజువారీ వాడకానికి తీయకూడదు. ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరును అలాగే ఉంచుకోవచ్చు. ఈ ఒక్క వాక్యం రాసినవాళ్లను అభినందించాలి. కొత్తగా నమోదయ్యేవాటికి రాష్ట్రం కోడు తర్వాత ‘వీఏ’ అన్న అక్షరాలతో నంబరు ఇస్తారు. వింటేజ్ అనగానే చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాము పసుపుపచ్చ రోల్స్ రాయిస్ గుర్తొస్తే అది సగం బొమ్మే. 50 ఏళ్ల గీత ఇప్పుడు 1970ల దాకా వచ్చింది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డు, అంబాసిడరు, ఫియట్, జావా, బుల్లెట్ ఏటేటా ఆ గీత దాటుతున్నాయి. ఇవి డాక్టర్లు, ప్లీడర్లు, పొగాకు వ్యాపారులు, సినిమా హాళ్ల యజమానులు నడిపిన బండ్లు. రాజుల కార్లకు దివాన్లు కాగితాలు దాచారు. వీటికెవరు దాచారు?

చిక్కంతా అక్కడే. దరఖాస్తుకు పాత ఆర్‌సీ జతచేయాలని నిబంధన అడుగుతుంది. మనవాళ్లు సీ-బుక్కు అని పిలుచుకున్న ఆ పాత పుస్తకం చెదల పాలైతే, ఛాసిస్‌నూ పాత నంబరునూ కలపడానికి వేరే ఏ ఆధారాలు చెల్లుతాయో, వాటిని ఎవరు తూచాలో అది విప్పి చెప్పదు. డూప్లికేటు ఆర్‌సీకి దారి ఉంది కానీ, అది ఆఫీసు దగ్గర అసలు రికార్డు దొరికినప్పుడే నడుస్తుంది. కంప్యూటరులో లేని బండి గురించి కౌంటరులో అడిగితే వచ్చే జవాబు ఊహించడం కష్టం కాదు. బ్రిటన్ 1983లో ఒక గడువు పెట్టి చేసినదాన్ని మనం గడువేదీ చెప్పకుండానే చేస్తున్నాం. మరోపక్క ఆ నిబంధన ఛాసిస్‌తో పాటు ఇంజను కూడా పెద్దగా మారి ఉండకూడదంటోంది. లైసెన్సులూ దిగుమతి ఆంక్షలూ ఉన్న రోజుల్లో విడిభాగాలు దొరక్క, పెట్రోలు భరించలేక, పెద్ద పెద్ద అమెరికన్ కార్లకు కూడా డీజిలు ఇంజన్లు బిగించి టాక్సీలుగా నడిపిన దేశం మనది. ఆ మార్పే ఆ బండి చరిత్ర. ఇంజనుకు ఒక్క పాయింటిచ్చిన బ్రిటిషు లెక్క ఇక్కడే ఎక్కువ అవసరం.

మన దేశంలో ఇలాంటి వెసులుబాటు ఇస్తే దొంగ బండ్లన్నీ తెల్లబడతాయని అధికారులు భయపడితే వాళ్లను తప్పుపట్టలేం. ఛాసిస్ నంబరు చెరిపి కొత్తది కొట్టడం ఇక్కడ కనీవినీ ఎరగని విద్యేమీ కాదు. అయితే ఆ భయానికి మందు పరీక్షను కఠినం చేయడం. తలుపు మూసేయడం కాదు. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ఛాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ముద్ర తీయడం ఇప్పటికీ ఉన్న పద్ధతే. దానికి ఒక నిపుణుల సంతకాన్ని, పోలీసు రికార్డు సరిచూడటాన్ని, బదిలీ నిషేధాన్ని చేర్చితే సరిపోతుంది. పైగా యాభై ఏళ్లు దాటిన హెరాల్డును దొంగిలించి తెల్లబరచడానికి ఇంత పరీక్షకు సిద్ధపడే దొంగ దొరకడం కష్టమే. సాక్ష్యాల కొరత కూడా అనుకున్నంత లేదు. పాత బీమా పాలసీలు, పన్ను రసీదులు, బ్యాంకు అప్పు కాగితాలు, ఆస్తి పంపకాల దస్తావేజులు మన ఇళ్లలో ట్రంకు పెట్టెల నిండా ఉంటాయి. పూలు చుట్టిన కారు ముందు వధూవరులు నిలబడిన ఫొటోలో నంబరు ప్లేటు చాలాసార్లు స్పష్టంగానే ఉంటుంది.

నంబరు మారితే ఏం పోతుందన్న ప్రశ్నకు తెలుగువాళ్లకంటే బాగా జవాబు చెప్పగలిగేవాళ్లు లేరనిపిస్తుంది. 1989 జులైలో కొత్త మోటారు చట్టంతో ఇప్పటి రాష్ట్రం కోడు, జిల్లా అంకెల పద్ధతి వచ్చేదాకా ఆంధ్రప్రదేశ్ బండ్ల మీద ‘ఏ’తో మొదలయ్యే అక్షరాలుండేవి. అంతకుముందు మద్రాసు నంబర్లు ‘ఎం’తో మొదలయ్యేవి. తర్వాత ఏపీ వచ్చింది, 2014లో తెలంగాణకు టీఎస్ వచ్చింది, 2024లో అదే టీజీ అయింది. హైదరాబాదు వీధుల్లో ఇవాళ్టికీ ఏపీ 09 బండి పక్కనే టీజీ 09 బండి సిగ్నలు దగ్గర ఆగుతుంది. అన్నీ తీసి కొత్త అక్షరాలు పెట్టాల్సిందేనన్న నిబంధన అమలుకు రాలేదు, మంచిదే. రాష్ట్రాల చరిత్రను ఇంత చవకగా, ఇంత బహిరంగంగా దాచిపెట్టిన పత్రం ఇంకొకటి లేదు.

ఈ పద్ధతి మన దగ్గర రేపే వస్తుందన్న నమ్మకం లేదు. వచ్చే రోజుకు సాక్ష్యం మిగిలి ఉండాలి కదా. ఇక్కడ బాధ్యత ఆర్టీఏ ఆఫీసుల రికార్డు గదులది ఎంతో, షెడ్డులదీ అంతే. పాత బండి పనికి దింపిన మొదటి రోజే మేస్త్రీ చేసే పని, డిక్కీ మీద చేత్తో రాసిన పాత నంబరును గీకి, ఉప్పుకాగితం పెట్టి రుద్దేయడం. అద్దం మూలన అంటుకున్న ముప్పై ఏళ్ల నాటి పన్ను స్టిక్కరును నీళ్లతో నానబెట్టి పీకేస్తాడు. సీటు కింద దొరికిన కాగితాల కట్ట తుక్కుతో పాటు పోతుంది. అతని తప్పేమీ లేదు, శుభ్రం చేయమనే కదా చెప్పింది. గీకేముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసి, ఛాసిస్ ముద్ర ఒకటి పెన్సిలుతో తీసి, ఆ కాగితాల కట్టను కవరులో పెట్టి పక్కన ఉంచడానికి పట్టేది ఒక పూట.